మూడో అంతస్తు జాయింటు

పదకొండు గంటలకు చూస్తే నీళ్ల మట్టం మళ్లీ దిగింది.

సొలెదాద్ మేడ మీద, పైపు మూతి దగ్గర మోకాళ్లూని కూర్చుంది. దారానికి కట్టిన ఇనపనట్టును పైపులోకి వదిలి, పైకి లాగి, దారం ఎక్కడిదాకా తడిసిందో చూసింది. పొద్దున ఏడింటికి పైపును అంచుదాకా నింపింది. ఇప్పుడు నాలుగు వేళ్లు తక్కువగా ఉంది.

“ఎండకి ఆవిరై ఉంటాయి,” అన్నాడు క్రిస్పులో, నీళ్లట్యాంకు నీడలో కూర్చుని.

“నాలుగ్గంటల్లో నాలుగు వేళ్లు ఆవిరైతే, నోంగ్, ఈపాటికి మనిద్దరం కూడా ఆవిరైపోవాలి.”

క్రిస్పులో నవ్వలేదు. పెద్దన్న లెక్కన ఆమె ‘నోంగ్’ అని పిలిచే, అరవై ఒకటో ఏడు నడుస్తున్న ఆ ప్లంబరు నవ్వకపోవడం సొలెదాద్‌కు నచ్చలేదు. ఇలాంటి మాటలకు పగలబడి నవ్వే మనిషి ఆయన.

ఇలోయిలో పట్నంలో నది ఒడ్డున ఉన్న గుడిసెలు తీసేసి, అక్కడి జనం కోసం కడుతున్న నాలుగంతస్తుల భవనం అది. శుక్రవారం తాళాలు ఇవ్వాలి. ఇవాళ బుధవారం. మురుగు పైపు కింది మూతి బిగించి, పక్క మూతులన్నీ మూసి, పైనుంచి నీళ్లు నింపి, మట్టం కదలకుండా నిలబడిందని కాగితం రాసిస్తేగానీ తాళాలు ఇవ్వడానికి లేదు.

నిన్న పొద్దున నింపితే దిగింది. నిన్న మధ్యాహ్నం రెండో అంతస్తు కప్పుదాకా మాత్రమే నింపి చూస్తే వెంట్రుకంతైనా కదల్లేదు. ఇవాళ మళ్లీ పైదాకా నింపితే దిగింది. నాలుగో అంతస్తులో పైపు మీద ఇంకా గోడ మూయలేదు, చెయ్యి పెట్టి తడిమితే ఎక్కడా తడి లేదు. మిగిలింది మూడో అంతస్తు. అక్కడ పైపు మీద గోడ మూసేశారు, గోడ మీద టైల్సు కూడా పడ్డాయి.

ఎక్కడ కారుతోందో సొలెదాద్‌కు నిన్నటినుంచే తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

*

రెండేళ్ల కిందట ఈ కంపెనీ పనుల్లోకి ఇసక మోయడానికి వచ్చింది ఆమె. అప్పటికి ముప్పైనాలుగేళ్లు. అంతకుముందు పదకొండేళ్లు నది ఒడ్డునే, వెదురుబద్దల నేల మీద, ఇళ్లల్లో బట్టలుతికి బతికింది. పోటు వచ్చిన రోజుల్లో కింద మురుగు బద్దల సందుల్లోంచి పైకి ఉబికేది. పీట మీద పీట వేసుకుని, ఆ వాసనలోనే అన్నం తినేవాళ్లు.

క్రిస్పులో కళ్లల్లో పొర కమ్మడం మొదలైంది. టేపు మీద అంకెలు కనపడేవి కావు. ఆ సంగతి ఇంజనీరుకు తెలిస్తే పని పోతుంది. ఒకరోజు ఇసక తట్టతో వెళ్తున్న సొలెదాద్‌ను ఆపి, “ఇందాయ్, ఇక్కడ ఎంతుందో చదువు,” అన్నాడు, కూతుర్ని పిలిచినట్టు. మర్నాడు మళ్లీ ఆపాడు. వారం తిరిగేసరికి చదవడంతోపాటు గీత పెట్టడం కూడా ఆమె పనైంది. నెలకల్లా రంపం చేతికి వచ్చింది.

ఆయన నోటితో చెప్పింది తక్కువ. పైపు వేయించి, దాన్లో ఒక చెంబు నీళ్లూ గుప్పెడు చెక్కపొట్టూ పోయించి, అవతలి చివర కూర్చోమనేవాడు.

“ఏమొచ్చింది?”

“నీళ్లొచ్చాయి.”

“పొట్టు?”

“రాలేదు.”

“వాలు ఎక్కువిచ్చావు. నీళ్లు పరిగెత్తిపోతే మురికి వెనకబడిపోద్ది. తక్కువిస్తే రెండూ నిలబడిపోతాయి. ఊడదీసి మళ్లీ వెయ్యి.”

మొదటి నెలలో ఆమె వేసిన జాయింట్లు తొమ్మిది కోయించాడు. ఇసక కుప్ప దగ్గరి ఆడవాళ్లు, “పైపుల దొరసాని వస్తోంది, దారివ్వండే,” అనేవాళ్లు. మగవాళ్ల మాటలు ఇంతకంటే మోటుగా ఉండేవి. ఆమె వినేది, ఒక్కోసారి తిరిగి అనేది, ఎక్కువసార్లు పైపు వాలు చూసుకునేది. రెండేళ్లలో చేతులు పని పట్టేశాయి. హాజరుపట్టీలో మాత్రం ఇప్పటికీ ‘కూలీ’ అనే ఉంది. ప్లంబరుకిచ్చేదాంట్లో సగానికి కాస్త పైన ఆమె రోజుకూలి.

ఇక మూడో అంతస్తు సంగతి. జూలైలో, ఎడతెరిపి లేని వానలో, క్రిస్పులో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లిన మధ్యాహ్నం అది. సాయంత్రంలోగా గోడ మూసేస్తామని కింద తాపీవాళ్లు అరుస్తున్నారు. మొట్టమొదటిసారి తనొక్కతే నిలబడి ఒక అంతస్తు పైపు పూర్తి చేసింది. స్నానాలగది గోడలో, నిలువు పైపుకు అడ్డపైపు కలిసేచోట తడి పూర్తిగా ఆరలేదు. తుడిచే గుడ్డ కూడా తడిగానే ఉంది. తెలిసే, పైపులు అతికించే సొల్యూషను పూసి బిగించేసింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, ఒక్కతినే చేశానన్న సంబరంలో, చివరి ఆ జాయింటును మరిచిపోయింది. మరిచిపోవడం అనేది అబద్ధం. తలుచుకోలేదు, అంతే.

*

ఇంజనీరు వాల్దెరామా మెట్లెక్కి వచ్చేసరికి పన్నెండు దాటింది. ముప్పై నిండని మనిషి. చొక్కా వీపంతా తడిసి ఉంది. చేతిలో అట్టకు పెట్టిన కాగితం.

“సొలెదాద్, ఇక్కడ సంతకం. క్రిస్పులో కళ్ల సంగతి నాకు తెలియదనుకుంటున్నారా ఇద్దరూ? ఆయన పెడితే రేపు ఎవరన్నా అడుగుతారు. అందుకని నీ పేరు రాయించాను. పేరు కింద ఏముందో చూడు.”

చూసింది. సొలెదాద్ పగునాంగ్. దాని కింద, ప్లంబరు. అక్షరాలు అచ్చులో పడి ఉన్నాయి. ఆమె ఒక్క క్షణం ఆ మాట మీదనుంచి కళ్లు తిప్పుకోలేకపోయింది.

“వచ్చే నెలనుంచి హాజరుపట్టీలో కూడా అదే ఉంటుంది,” అన్నాడు ఇంజనీరు. “జీతం కూడా దాని ప్రకారమే.”

కాగితం మధ్యలో ‘మట్టం నిలిచింది’ అన్నచోట ముందే టిక్కు కొట్టి ఉంది.

“మట్టం దిగిందండీ,” అంది ఆమె.

“ఎంత?”

“నాలుగు వేళ్లు.”

ఇంజనీరు నిట్టూర్చాడు. “చూడమ్మా, ఇది మురుగు పైపు. తాగేనీళ్ల పైపు కాదు. రేపు జనం వాడితే నీళ్లు ఇలా వచ్చి అలా పోతాయి. పైదాకా నిండి నాలుగ్గంటలు నిలబడే రోజు దీని బతుకులో రాదు. ఆ కాస్త కారడం ఎవరికి తెలుస్తుంది?”

వినడానికి సబబుగానే ఉంది. సొలెదాద్‌కు కూడా ఒప్పేసుకోవాలనిపించింది.

“మూడో అంతస్తు స్నానాలగది గోడ. దానికవతల ఏముందండీ?”

“పడకగది. అయితే?”

“అక్కడ ఎవరో పిల్లల్ని పడుకోబెట్టుకుంటారు. మొదటి ఏడు గోడ చెమ్మగిల్లుద్ది. రెండో ఏడు వాసనొస్తుంది. ఎక్కడినుంచో వాళ్లకి తెలీదు. గోడ పగలగొట్టించుకునే స్తోమతు వాళ్లకుండదు.”

“మూడో అంతస్తేనని నీకెలా తెలుసు?”

సొలెదాద్ క్రిస్పులో వైపు చూడకుండా చెప్పింది. “అది నేను వేసిన జాయింటు కాబట్టి. వాన రోజున, తడి మీద వేశాను.”

ట్యాంకు నీడలో పెద్దాయన తల ఎత్తాడు.

ఇంజనీరు ముఖంలో కోపం వస్తుందనుకుంది. రాలేదు. తేలిక పడ్డట్టు కనిపించాడు. “మరి ఇంకేం. నీ తప్పు నువ్వే వీధిన పెట్టుకుంటావా? ఆడదానిచేత పైపులు వేయించానని ఆఫీసులో నన్ను చూసి నవ్వుతున్నారు. ఈ మాట బయటికొస్తే, ఇంకో ఆడది ఈ కంపెనీలో రంపం ముట్టుకోదు. ఆలోచించుకో.”

ఆ మాట ఆమెకు నిజంగానే తగిలింది. నిన్నటినుంచి నోరు కట్టేసింది కూడా ఆ భయమే.

“పెట్టెయ్యి ఇందాయ్,” అన్నాడు క్రిస్పులో నెమ్మదిగా. “ఈ పట్నంలో నేను ఇట్టాంటివి ఎన్ని పెట్టానో లెక్క లేదు. పెట్టకపోతే పని లేదు.”

“ఆ ఇళ్లకి తర్వాత ఎప్పుడన్నా వెళ్లారా, నోంగ్?”



సొలెదాద్ కలం తీసుకుంది. టిక్కు మీద అడ్డగీత కొట్టింది. పక్కనున్న ఖాళీలో, స్కూలు వదిలిన ఇరవై ఏళ్లకు, అక్షరం అక్షరం కూడదీసుకుని రాసింది: ‘నాలుగు వేళ్లు దిగింది. మూడో అంతస్తు. నేను వేసిన జాయింటు. కోసి మళ్లీ వెయ్యాలి.’ కింద సంతకం పెట్టింది. ప్లంబరు అన్న మాటను మాత్రం కొట్టెయ్యలేదు.

ఇంజనీరు కాగితం లాక్కుని చదివాడు. “ఇది నేను ఎక్కడా ఇవ్వలేను.”

“నేను రాసేది ఇదొక్కటేనండీ.”

“ఇంకోడి చేత పెట్టిస్తా. నువ్వు కిందికి దిగి లెక్క చూసుకుని వెళ్లిపో.”

“వెళ్తాను. అది కోసి వేశాక వెళ్తాను.”

*

మూడో అంతస్తు స్నానాలగదిలో రొదేల్ అన్నం తింటున్నాడు. టైల్సు వేసేవాడు. పొద్దునే ఆ గోడ సందులన్నీ పూడ్చి తుడిచాడు. సొలెదాద్ సుత్తీ ఉలీ పట్టుకుని లోపలికి రావడం చూసి ఎండుచేప ముక్క చేతిలోనే ఆపేశాడు.

“ఏంటది?”

“ఆ మూల నాలుగు టైల్సు తియ్యాలి, రొదేల్. లోపల నా జాయింటు కారుతోంది.”

“నీ జాయింటు కారితే నా టైల్సెందుకు తియ్యాలి? నాకు గదికింత అని ఇస్తారు, రోజుకింత అని కాదు. చేసిన గది మళ్లీ చేస్తే ఎవడిస్తాడు? నీ బాబా?”

“ఎవరూ ఇవ్వరు. సిమెంటు నేను కలిపిస్తా, నీళ్లు నేను మోస్తా. నీకు అదే ఇవ్వగలను.”

“అప్పుడే చెప్పాను, ఆడది పైపు పడితే గోడ పగులుద్దని.”

“చెప్పావు. నిజమే అయింది. ఇప్పుడు జరుగు.”

ఆమె ఉలి టైలు అంచున పెట్టింది. రొదేల్ కంచం నేలమీద పెట్టి లేచి, ఆమె చేతిలోంచి ఉలి లాగేసుకున్నాడు.

“నీ చేత్తో పడితే నాలుగు కాదు, నలభై పగుల్తాయి. పక్కకి పో.”

తిట్టుకుంటూనే కూర్చున్నాడు. ఉలి మొన సందులోకి దూర్చి, సుత్తి వెనకభాగంతో చిన్నగా తడుతూ, టైళ్లను ఒక్కొక్కటిగా, విరక్కుండా, ఊడదీశాడు. నాలుగోదాని వెనక సిమెంటు నల్లగా ఉంది. అతను వేలితో నొక్కితే ముద్దలా ఊడి వచ్చింది. వాసన చూశాడు. ఉత్త నీళ్లే. అయినా తిట్టడం ఆపాడు.

సొలెదాద్ గోడ తొలిచి పైపు బయటపెట్టింది. జాయింటు అంచున ఒక చుక్క పుట్టి, పెద్దదై, జారి, దాని చోట ఇంకోటి పుడుతోంది. వానరోజున తను పూసిన సొల్యూషను ఒకవైపు తెల్లగా పొక్కి ఉంది. దాన్ని చూస్తుంటే ఆమెకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే కిందికి వెళ్లి బిగించిన మూతి విప్పింది. నీళ్లన్నీ పోయేదాకా ఆగి, పైకి వచ్చి, రంపం పెట్టి జాయింటుకు పైనా కిందా కోసింది. ఆ ముక్కను దాచలేదు. గుమ్మం దగ్గర, వచ్చేపోయేవాళ్లకు కనిపించేట్టు పెట్టింది.

కొత్త ముక్క కొలిచి కోసి, అంచు గీరి, గుడ్డతో తుడుస్తుండగా వెనక అడుగుల చప్పుడైంది. క్రిస్పులో గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. వంగి, పైపులోకి వేలు పెట్టి చుట్టూ తిప్పాడు.

“తడుంది.”

“గుడ్డలన్నీ తడిసిపోయాయి, నోంగ్.”

పెద్దాయన చొక్కా విప్పాడు. లోపలి బనీను కూడా విప్పి, దాన్లో చెమట అంటని చోటు వెతికి, దాంతో పైపు లోపలా బయటా నిదానంగా తుడిచాడు. మళ్లీ వేలు పెట్టి చూశాడు. ఇంకోసారి తుడిచాడు.

“ఇప్పుడు పూయి,” అన్నాడు.

ఆమె రెండు వైపులా సొల్యూషను పూసింది. పైపును లోపలికి నెట్టి, పావు చుట్టు తిప్పి, రెండు చేతులతో బిగపట్టింది. ముప్పై లెక్కపెట్టేదాకా వదలకూడదు. ముందే వదిలితే పైపు వెనక్కి జరుగుతుంది, చేసిందంతా వృథా.

అప్పుడే ఇంజనీరు వచ్చాడు. పక్కన గేటు కాపలా మనిషి ఉన్నాడు. ఇంజనీరు గుమ్మం దగ్గర పడున్న పైపు ముక్కను చూసి, దాని మీదుగా అడుగేసి లోపలికి వచ్చాడు.

“నాలుగింటికి కంపెనీ ఆఫీసు వాళ్లు చూడ్డానికి వస్తున్నారు. ఈ గోడ ఏంటిలా ఉంది? వదిలెయ్, సొలెదాద్. లేచి బయటికి నడువు.”

“ఎనిమిది,” అంది ఆమె. “తొమ్మిది.”

“నీతోనే మాట్లాడేది.”

“మాట్లాడండి, వింటున్నా. పది.”

“ఆవిణ్ని గేటుదాకా తీసుకెళ్లు,” అన్నాడు ఇంజనీరు కాపలా మనిషితో.

ఆ మనిషి ఒక అడుగు వేశాడు. ఇరుకు గది అది. ఒక పక్క చొక్కా లేని ముసలాయన నిలబడి ఉన్నాడు. ఇంకో పక్క రొదేల్, ఊడదీసిన టైళ్లు ఒళ్లో పెట్టుకుని, కాళ్లు చాపుకుని, కంచం దగ్గరికి లాక్కుని మళ్లీ తినడం మొదలుపెట్టాడు. కాళ్లు మాత్రం ముడవలేదు. కాపలా మనిషి ఆ కాళ్లను చూశాడు, ఇంజనీరును చూశాడు.

సొలెదాద్ పట్టు ఇంకా బిగించింది. ఎవరివైపూ తిరగలేదు.

“పదిహేను,” అంది.