నూట నలభై ఎక్కడ?

ప్రూఫు కాగితాల మీద మొగుడి కాలిగోళ్ల ముక్కలు పడి ఉన్నాయి. ఇంత ఇంట్లో లెక్కల ప్రొఫెసరుగారికి గోళ్లు తీసుకోవడానికి ఆమె బల్లే దొరికింది. అట్టముక్కతో ఊడ్చి చెత్తబుట్టలో వేసింది. పదహారేళ్లుగా ఎత్తిపోస్తున్నా ఈ రోత అలవాటు కాలేదు.

పుస్తకం ఆయనది, పట్టికలు ఆమెవి. రెండుకి వర్గమూలాన్ని ఒకటితో, రెండుతో, మూడుతో గుణించుకుంటూ పోవాలి. చుక్క తర్వాతది పారేసి, ముందున్న అంకె రాసుకోవాలి. ఒకటి, రెండు, నాలుగు, అయిదు, ఏడు. వర్గమూలానికి రెండు కలిపి మళ్లీ అదే పని చేస్తే మూడు, ఆరు, పది, పదమూడు. మొదటి వరసలో లేనివన్నీ రెండోదాంట్లో ఉంటాయి. ఏ అంకె రెండుచోట్లా ఉండదు, ఏదీ వీధిన పడదు. చదువుకునే రోజుల్లో ఇది తొలిసారి తెలిసినప్పుడు ఆమెకి ఆనందంతో ఆకలి వేయలేదు. పెళ్లయ్యాక ఆ చదువు మొగుడి పనికి మాత్రమే పనికొచ్చింది. కాఫీ కలపడం, పట్టిక కట్టడం ఒకే గొంతుతో పురమాయించేవాడు.

వర్గమూలం విలువ 1.414 అని రాసిచ్చింది ఆయనే. మూడు స్థానాలు చాలు, ఆ తోకలన్నీ ఎవడిక్కావాలి అన్నాడు. పట్టిక కడుతున్న రోజుల్లోనే తొంభై తొమ్మిదో లెక్క దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. 139.986 వచ్చింది. చుక్క తర్వాతది పారేస్తే నూట ముప్ఫై తొమ్మిది. ఆ అంకె రెండో వరసలో ఎలాగూ ఉంది. నూట నలభై మాత్రం ఎక్కడా లేదు. పూర్తి విలువతో చేసి చూస్తే 140.007 వచ్చింది. ఎవడిక్కావాలన్న ఆ తోక లేకపోబట్టే ఒక అంకె గల్లంతైంది.

ఆ మాట భోజనాల దగ్గర చెప్పింది. ఆయన నోట్లో ముద్ద ఉండగానే నవ్వాడు. మెతుకు ఎగిరి ఆమె చేతిమీద పడింది. "అమ్మా, విన్నావా, నీ కోడలు నాకు పాఠం చెబుతోంది," అన్నాడు. ముందు వాడికి వడ్డించవమ్మా, పాఠాలు తర్వాత అన్నారు అత్తగారు. చెయ్యి కడుక్కుంటూ ఆయన తేల్చేశాడు.

"ప్రూఫులు వచ్చాక నువ్వు అక్షరాలు చూడు. అంకెల జోలికి రాకు."

ఇప్పుడు మొదటి పేజీలో కృతజ్ఞతలు కనిపించాయి. గురువులకి, స్నేహితులకి, చివర్న 'ఓపిగ్గా కాఫీలందించిన నా శ్రీమతికి'. నాలుగు వందల లెక్కలు కాఫీలైపోయాయి. గోళ్లముక్కలే నయమనిపించింది ఆమెకి, వాటిని ఊడ్చేస్తే పోతాయి.

ఎర్రపెన్ను తీసి కొమ్ములు, దీర్ఘాలు, వత్తులు అన్నీ దిద్దింది. పట్టికల మీద చుక్క పెట్టలేదు. నూట నలభై ఉన్న సరైన పట్టిక, 1.414తో ఎందుకు తప్పుతుందో వివరంతో సహా, పొద్దున్నే గణిత పత్రికకి తన పేరుతో పంపేసింది.

సాయంత్రం ఆయన కాగితాలు తిరగేస్తూ, అంకెలు కదిలించలేదు కదా అని అడిగాడు.

"లేదండీ. మీరన్నట్టు అక్షరాలే చూశాను."

మొదటి పేజీ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. చివరి వాక్యం మీద ఎర్రగీత ఉంది.

"ఇదేంటి, నీ గురించి రాసింది కొట్టేశావు?"

"నూట నలభై లేని పుస్తకంలో నా ఊసు వద్దు," అంది.