తలుపు తియ్యి నాయనా

జయరామన్ టీ తాగడానికి కూడా బజారుకు పోలేకపోతున్నాడు. గుడియాత్తం బస్టాండులో అడుగుపెడితే చాలు, ఎవడో ఒకడు గొంతు వణికించి "తలుపు తియ్యి నాయనా..." అంటాడు, చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వుతారు. వేలూరులో ఆ మాట ఫోన్లలో మోగుతోంది. అన్నం తినని పిల్లల్ని తల్లులు ఆ మాటతోనే బెదిరిస్తున్నారట. అతను తీసిన తమిళ దయ్యం సినిమా నాలుగో వారంలోకి వచ్చినా సీట్లు దొరకడం లేదు. ఇంకెవడైనా అయితే కాలరెగరేసుకుని తిరిగేవాడు. ఇతనికి మాత్రం ఒళ్ళు పులిసిపోయినట్టుంది, ఎవరైనా సెల్ఫీ అడిగితే ఏడుపొస్తోంది.

ఇరవై రెండేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీసే మనిషి అతను. పెళ్ళిళ్ళు లేనప్పుడు పార్టీ మీటింగులు. ముహూర్తం మొదలయ్యాక చెయ్యి పీకినా, దోమ కుట్టినా రికార్డు ఆపకూడదన్నది ఆ పనిలో మొదట నేర్చుకునే సంగతి. అలాంటివాడు కథ రాస్తే ఏం రాస్తాడు? పెళ్ళికి వచ్చిన వీడియోవాడు మాయమైపోతాడు. మూతబడ్డ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో అతని కెమెరా దొరుకుతుంది. అందులో ఏముందో అదే సినిమా. హీరో లేడు, పాటల్లేవు, లైట్లకు డబ్బుల్లేవు. ఊగిపోయే కెమెరా ఒక్కటే ఉంది.

ఫ్యాక్టరీ చిన్నస్వామిది. ఆయన వార్డు కౌన్సిలరు. మైకు దొరికితే తమిళ తల్లి గురించి ముప్పావుగంట దంచుతాడు, వేదిక దిగీ దిగకముందే తెలుగులోకి వచ్చేస్తాడు. ఇంట్లో అందరిదీ తెలుగే, ఒక్కరికీ అక్షరం మాత్రం రాదు. ఆ చిన్నస్వామే పెట్టుబడి పెట్టాడు. పదకొండు రోజుల్లో షూటింగ్ అయిపోయింది.

అంతా అయ్యాక దయ్యం గొంతు దగ్గర బండి ఆగింది. వేలూరు నుంచి పిలిపించిన ఆవిడ మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ కూరలమ్మే గొంతే వచ్చింది. విసిగిపోయిన జయరామన్ పనికొచ్చే కేక ఏదైనా దొరుకుతుందేమోనని పాత రికార్డింగులు వెతికాడు. అక్కడ దొరికింది, తల్లి సరస్వతమ్మ గొంతు.

"తలుపు తియ్యి నాయనా... పొయ్యి మీద పాలుండాయి... పొంగిపోతాయి నాయనా..."

ఆమె పోయి అప్పటికి రెండేళ్ళు. చివరి ఏడాది మతి తప్పింది. తలుపు తీసి ఉంటే చాలు, కూతురి ఊరికని చెప్పి బస్టాండుకు నడిచిపోయేది. ఒకసారి లారీ కింద పడబోయింది. దాంతో జయరామన్ గదికి బయట గొళ్ళెం పెట్టడం మొదలుపెట్టాడు. అలా గొళ్ళెం పెట్టిన ఒక రోజు, కొత్త మైకు పరీక్ష చేస్తూ ఆమె గదిలో బల్లమీద ఆన్ చేసి వదిలేశాడు. పక్క గదిలో అతను, కంప్యూటర్లో ఎవరిదో పెళ్ళి ఎడిటింగు. తల్లి పిలుపు వినబడకేం, వినబడింది. ఈ ఒక్క పాట అయిపోనీ అనుకున్నాడు, అంతే.

చిన్నస్వామి విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇదే అప్పా! ఇదే పెట్టు!"

"ఇది మాయమ్మ గొంతన్నా. వద్దు."

"ఎవురికి తెలిసేది? అరవోళ్ళకు మన మాట యాడ అర్థమయ్యేది? అర్థం కాకపోతేనే భయం. పెట్టు నాయనా."

జయరామన్ వాదించలేదు. అప్పటికే అలసిపోయి ఉన్నాడు, ఎలాగో ఒకలాగ ముగిస్తే చాలనుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే తనమీద తనకే అసహ్యం వేస్తుంది.

అక్క కోకిలది కే.వి.కుప్పం. మంచంపట్టిన అత్తను వదల్లేక తల్లిని తమ్ముడి దగ్గరే ఉంచి, వెళ్ళేటప్పుడు అతని చెయ్యి తల్లి నెత్తిన పెట్టించింది. "అమ్మను గదిలో యేసి గొళ్ళెం పెట్టొద్దురా. గొడ్డునైనా పగలంతా కట్టెయ్యము" అంది. పెట్టనని ఒట్టేశాడు. ఆమె నమ్మింది. సినిమా విడుదలైనప్పటి నుంచీ అతను ఆమె ఫోన్ ఎత్తడం లేదు. ఈ లోకంలో అతనికి మిగిలిన ఒక్క మనిషి ఆమె.

మధ్యలో హైదరాబాదు డబ్బింగువాళ్ళు ఫోన్ చేశారు. "అంతా బాగుంది సార్, దయ్యం మాటే అర్థమైపోతోంది. పాలు పొంగిపోతాయంటే భయమెలా వేస్తుంది? మావాళ్ళ కోసం దానిచేత తమిళం మాట్లాడిద్దాం." జయరామన్ సరేనని ఫోన్ పెట్టేశాడు.

ఇరవై అయిదో రోజు గుడియాత్తం థియేటర్లో మ్యాట్నీకి సన్మానం పెట్టాడు చిన్నస్వామి. మంచి చేస్తున్నాననుకుని కే.వి.కుప్పానికి తన కారే పంపి కోకిలను తీసుకొచ్చాడు! ముందు వరసలో అక్క తలలో మల్లెపూలు చూసేసరికి జయరామన్ గుమ్మం వైపు తిరిగాడు. పారిపోదామంటే చుట్టూ దండలు పట్టుకున్న జనం.

ఫ్యాక్టరీ తలుపు తెరమీదికి వచ్చింది. వేలూరులో, కాట్పాడిలో హాలు గోలెత్తిపోయే చోటు అది. "తలుపు తియ్యి నాయనా..."

ఇక్కడ ఎవరూ అరవలేదు. సగం హాలు తెలుగిళ్ళవాళ్ళే. వెనకనుంచి ఒక ముసలావిడ "అయ్యో, పాపం, ఎవురన్నా తియ్యండ్రా" అంది. పక్కవాళ్ళు కూడా నవ్వలేదు. కోకిల లేచి, చెప్పులు వేసుకోకుండానే బయటికి నడిచింది.

సైకిల్ స్టాండు దగ్గర దొరికింది. కళ్ళు తుడుచుకుని ఉంది. తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. కొట్టి ఉంటే బాగుండేది.

"గొళ్ళెం పెట్టినావు" అంది.

"పెట్టినానక్కా."

ఆమే దగ్గరికి వచ్చి అతని భుజంమీద చెయ్యి వేసింది. "సరే పోనీ. నాయనా అని అమ్మ నిన్ను పిలవలేదులేరా. వాళ్ళ నాయనను పిలిచింది. చివర్లో మనమెవురం గుర్తుండామని? ఆమె చిన్నపిల్లయిపోయింది. నువ్వు మనసులో పెట్టుకోవద్దు."

ఎంత తేలిక! ఊఁ అంటే చాలు. తండ్రినీ నాయనా అంటారు, కొడుకునీ నాయనా అంటారు. అక్క అంత దయగా చేతిలో పెట్టిన మాటను జేబులో వేసుకుని ఇంటికి పోవచ్చు. కానీ ఈ నెల రోజులుగా అతన్ని నిద్రపోనివ్వనిది తెరమీద ఉన్న మాట కాదు.

"లేదక్కా. ఆ తర్వాత నా పేరు పెట్టి పిలిచింది. జయరామా అనింది. సినిమాకు పనికిరాదని నేనే కత్తిరించేసినా."

కోకిల చెయ్యి భుజంమీది నుంచి జారింది. "ఎన్నిసార్లు పిలిచింది?"

"ఎంచలేదక్కా."

"ఫోన్లో ఉండాదా?"

"ఉండాది."

"పెట్టు."

పెట్టాడు. ఎండ మాడిపోతోంది. లోపల సినిమా వదిలినట్టున్నారు, జనం వచ్చి సైకిళ్ళు తీసుకుంటున్నారు, మోటారు సైకిళ్ళు తన్నుతున్నారు. ఫోన్లో తల్లి పాలంది, నాయనా అంది, జయరామా అంది. ఆ మాటల వెనక, గదిగోడకు అవతల, ఎవరిదో పెళ్ళిపాట సన్నగా వినిపిస్తోంది. జయరామా అని మళ్ళీ అంది. అతను తట్టుకోలేక ఆపబోయాడు. కోకిల అతని మణికట్టు పట్టుకుంది.

"ఆపొద్దు. ఎప్పుడు తీసినావో వినాల."

గొళ్ళెం తీసిన చప్పుడు పదకొండో నిమిషంలో వచ్చింది. అప్పటిదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.