అవ్వ పెట్టిన సోమవారం ప్రసాదం

పెళ్లయి ఐదేళ్లయినా మాకు బిడ్డలు లేరు. అందుకోసం నా భార్య గురమ్మ సోమవారం శివుడికీ, శనివారం వెంకటేశ్వరస్వామికీ ఉపవాసాలు పట్టింది. మనిషి చిక్కిపోయింది. దేవుడి మొక్కు మానమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ భాద్రపదంలో ఓర్వకల్లు నుంచి మా అవ్వ ఉరుకుందమ్మ వచ్చింది. సోమవారం పొద్దున్నే కొత్త కొర్రలు వండి, నెయ్యి వేసి, శివుడి పటం ముందు నైవేద్యం పెట్టింది. హారతిచ్చి పళ్లెం గురమ్మ చేతిలో పెట్టింది.

"ఒక్కపొద్దు గదవ్వా," అంది గురమ్మ.

"ప్రసాదం వద్దంటావామ్మే?"

గురమ్మ నా వైపు చూసింది.

"వాన్నేం అడుగుతావు? ఎరువెయ్యకుండా చేను ఎప్పుడన్నా పండించినాడా వాడు?" అని అవ్వ నా వైపు తిరిగింది. "నీకూ ఉండాది, రాప్పా. బిడ్డ ఆ యమ్మ ఒక్కదానితోనే పుడతాదా?"

ముగ్గురం నవ్వుతూ తిన్నాం.

అవ్వ మా దగ్గరే ఉండిపోయింది. అప్పటినుంచి సోమ, శనివారాల్లో చేలో, కొండలో ఏ కాలానికి ఏది వస్తే అదే నైవేద్యం. సీతాఫలాలు, అనపగింజల కూర, నువ్వుల ఉండలు, కాల్చిన పచ్చి జొన్నకంకులు. గురమ్మ బుగ్గలు నిండాయి.

ఉగాది దాటాక ఒక సోమవారం అవ్వ కొత్త జొన్నరొట్టె, వెన్న పెట్టింది. ఆ వాసనకే గురమ్మ నోరు మూసుకుని పెరట్లోకి పరుగెత్తింది. ముఖం కడుక్కుని వచ్చి, నెల తప్పిందని సిగ్గుపడుతూ చెప్పింది.

ఈ ఫలం ఉపవాసానిదా, ప్రసాదానిదా అని నేను అవ్వను అడిగాను. అవ్వ నవ్వి గురమ్మకు పెట్టిన రొట్టె నా పళ్లెంలో వేసింది.

"నాకేం తెలుసప్పా. ఆ యమ్మకు ఈ పొద్దు ఉపవాసం మాత్రం నేను ఒప్పుకుంటాండా. నువ్వు తిను."