నాలుగు పండ్ల గొర్రె

కంపెనీలో చేరిన కొత్తలో, ఆ చల్లటి గదిలో కూర్చున్న వాళ్లందరూ లక్ష్మీనర్సమ్మకు మహా తెలివిగలవాళ్లలా కనిపించేవారు. అది తొంభై ఏడో సంవత్సరం. నల్లగొండలో కంప్యూటర్ డిప్లొమా చదివి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తెచ్చుకున్న గొర్లకాపరి బిడ్డ ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆమె ఒక్కతే. తండ్రి ఎల్లేశం తిరుమలగిరి అంగడిలో కనబడ్డవాళ్లనల్లా ఆపి మరీ చెప్పుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి ఆ మురిపెం తీరిపోయింది. పశువుల దవాఖానల్లో గొర్రెల టీకాలు నమోదు చేసే ప్రోగ్రాం పని ఒకటి కంపెనీకి వచ్చింది. గదిలో ముప్పై మంది ఉంటే, గొర్రెను చేత్తో పట్టుకున్నది ఆమె ఒక్కతే. ఎంతో ఇష్టంగా తెలుగులో నమోదు పట్టిక తయారుచేసింది. కాపరి పేరు, గొర్రె రంగు, ఆ కింద ‘పండ్లు’.

మీటింగులో మేనేజరు అది చదివి పకపకా నవ్వాడు.

“మీ ఊళ్లో గొర్రెలకు పండ్లు కూడా పెడతారా? జామపండ్లా, అరటిపండ్లా?”

గదంతా నవ్వింది. పండ్లంటే దంతాలనీ, కింది దవడలో ఎన్ని పెద్ద పండ్లు వచ్చాయో చూసి గొర్రె వయసు చెబుతారనీ అనబోయింది లక్ష్మీనర్సమ్మ. ఆమె నోరు తెరిచేలోపే మేనేజరు ఆ గడి తీసేయించి ‘పుట్టిన తేదీ’ అని పెట్టించాడు. వాళ్లు నవ్వినందుకు కాదు ఆమె బాధ. ఇదేమిటమ్మా అని ఒక్కరంటే ఒక్కరూ అడగలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున ఆఫీసు మెట్లెక్కాలంటే మనసొప్పేది కాదు.

మే నెలలో ప్రోగ్రాంను మొదటగా పెట్టి చూడడానికి ఎంచిన దవాఖాన వాళ్ల మండలానిదే. దారి తెలుసని ఆమెనూ జీపెక్కించుకున్నారు. చౌటుప్పల్ దాటాక మేనేజరు వెనక్కి తిరిగాడు.

“డాక్టరుగారితో నేను మాట్లాడతాను. నువ్వు మధ్యలో నోరు విప్పావంటే రేపటి నుంచి ఆఫీసుకు రానక్కర్లేదు. అర్థమైందా?”

గొర్రెలను ఉన్నట్టుండి పడగొట్టే చిటుకు రోగానికి టీకాల కోసం దవాఖాన ముందు మందలు ఆగి ఉన్నాయి. వరుసలో మొదట నిలబడింది ఎల్లేశమే. బిడ్డను చూసి మీసం దువ్వుకున్నాడు.

కంపౌండరు జాఫర్ కంప్యూటర్ ముందు బిగుసుకుని కూర్చున్నాడు. “ఎల్లేశం మామా, పుట్టిన తేది చెప్పు.”

“ఎవలది, నాదా?”

“నీదెందుకే? గొర్రెది.”

“ఓరి నీ! నా పెండ్లాందే నాకెరుక లేదు. గొర్రెది యాడికెళ్లి చెప్పాలె?”

“పుట్టినరోజు జేసి చాక్లెట్లు గిట్ల పంచినవేమో, యాది చేసుకో బావా!” వరుసలో వెనక నుంచి చెన్నయ్య అరిచాడు.

“నవ్వకుండ్రి. తేది ఎయ్యకుంటె ఇది ముందుకు పోతలేదు,” అన్నాడు జాఫర్ చెమట తుడుచుకుంటూ.

“గట్లయితె మా పోరలకు బడిల సారు ఏసినట్టే ఎయ్యి. జూన్ ఒకటి!” అన్నాడు ఎల్లేశం.

అదేదో బాగుందనిపించింది అందరికీ. కాసేపట్లో అక్కడున్న గొర్రెలన్నీ పోయినేడు జూన్ ఒకటినే పుట్టేశాయి. పాలు తాగే పిల్లా, పండ్లూడిన ముసలి గొర్రే ఒకే ఈడువని చీటీలు అచ్చయి వచ్చాయి.

డాక్టరమ్మ ఆ చీటీలు మేనేజరు ముందు పెట్టింది. “ఈ పాలపిల్లకు ఏడాదా? వీటిని నమ్మి టీకా ఎట్లా వేయమంటారు?”

“రైతులకు శిక్షణ లేదు మేడం. తేదీలు రాసుకోవడం నేర్పాలి.”

ఎల్లేశం బిడ్డ వైపు తిరిగాడు. “పండ్లు జూసి వయసు చెప్పుడు నీకు ఆరేండ్లప్పుడే నేర్పితి గదనే. పట్నం బోయి గదీ మర్సిపోయినవా, బిడ్డా?”

కోపంగా అన్నా ఆమె తట్టుకునేది. ఆ గొంతులో దిగులుంది. మేనేజరు వద్దన్నట్టు కళ్లెర్రజేశాడు.

“మర్సిపోలే బాపూ,” అంది లక్ష్మీనర్సమ్మ. “జాఫర్ భాయ్, జర లే.”

కూర్చుని ప్రోగ్రాం తెరిచింది. అరగంటలో ‘పుట్టిన తేదీ’ పోయింది. దాని జాగాలో పాలపండ్లు, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిదితో నోరు నిండినది అని వరుసగా వచ్చాయి. ఎల్లేశం తన గొర్రె కింది పెదవి వంచి “నాలుగు పండ్లు!” అని కేకేశాడు. జాఫర్ ఒక్క మీట నొక్కాడు. చీటీ వచ్చింది. ఆ వెనకే ఇంకొకటి.

“ఇది మొదట్లోనే ఎందుకు పెట్టలేదు?” డాక్టరమ్మ అడిగింది.

“పెట్టిన మేడం,” అంది లక్ష్మీనర్సమ్మ. “తీసేయించిండ్రు.”

మేనేజరు గొంతు సవరించుకుని, తనకూ తెలుసన్నట్టు ఒక గొర్రె నోరు తెరిచి వంగి చూశాడు. చెన్నయ్య పగలబడి నవ్వాడు.

“సారూ, పై దవడల ఎతుకుతున్నవు! గొర్రెకు ఆడ ముందటి పండ్లే ఉండయి!”

గొర్రె గట్టిగా తుమ్మింది. తెల్లచొక్కా తడిసింది.

మధ్యాహ్నానికి జీపు బయల్దేరింది. “ఎక్కు. సోమవారం నీ ఉద్యోగం సంగతి తేలుద్దాం,” అన్నాడు మేనేజరు.

“మీరు పోండ్రి సార్. ఇంక నాలుగు మందలున్నయి. సోమవారం నేనే వస్త. ఇగ గొర్రెను చూడకుంట గొర్రె ముచ్చట రాయమంటె మాత్రం రాయ. మీ ఇష్టం.”

ఆయన జీపు తలుపు వేసుకున్నాడు. ఆ ఉద్యోగం ఉంటుందో పోతుందో ఆమెకు తెలియదు. చిత్రంగా, భయం వేయలేదు. తన పని ఏమిటో ఇప్పుడు కళ్లముందే ఉంది. చీటీ పట్టుకున్న కాపరి వెనక మందలా నడిచిపోతోంది.

ఆమె గుమ్మంలోకి వచ్చి, రోడ్డు అవతలి దాకా వినబడేలా పిలిచింది:

“ఎవలున్నరే ఎనక? తోలుకరాండ్రి!”