చెవిలో పిన్నీసు

"పిలుస్తుంటే పలకవేందే, చెవుడా?"

ఆ మాటా, దెబ్బా కోటేశ్వరి మీద ఒక్కసారే పడ్డాయి. మిక్సీలో గోంగూరా ఎండుమిరపకాయలూ తిరుగుతున్నాయి. ఆ మోతలో దేవుడు పిలిచినా వినపడదు, మొగుడు వీరాంజనేయులు ఎంత! పచ్చడి కావాలన్నదీ ఆయనే, మిక్సీ తిరుగుతుంటే హాల్లోంచి కేకేసిందీ ఆయనే. ఆయన కుడిచెయ్యి వచ్చి ఆమె ఎడమ గూబ మీద పడింది. గుయ్యిమంది. ఇదివరకు గుయ్యిమన్నప్పుడల్లా కాసేపటికి తగ్గేది, ఈసారి తగ్గలేదు. పొద్దున లేచేసరికి దిండు మీద నెత్తుటి చుక్క.

"మావాడికి కోపమే గానీ మనసు వెన్న" అంది అత్త సుబ్బరావమ్మ, దిండుగలీబు నానబెట్టమని చెబుతూ. ఏం వెన్నో మరి! కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ కోటేశ్వరికి ఆ వెన్న కంటబడిన పాపాన పోలేదు.

ఆ తర్వాత ఎడమవైపు నుంచి ఏం చెప్పినా ఆమెకి వినపడటం మానేసింది. ప్రతి పనికీ రెండుసార్లు పిలవాల్సి వస్తోందని విసుగుపుట్టి, వీరాంజనేయులు మిరప యార్డుకి ఒక పూట సెలవు పెట్టి ఆమెని స్కూటరెక్కించాడు. పెదకాకాని నుంచి గుంటూరు బ్రాడీపేట దాకా ఆయన భుజం పట్టుకోబుద్ధి కాలేదు కోటేశ్వరికి. వెనక స్టెప్నీ పట్టుకుని కూర్చుంది.

ఆ చెవి ఆసుపత్రిలో అప్పుడేదో పరిశోధన నడుస్తోంది. చెవిపొర చిరిగినవాళ్ళలో కొందరికి పల్చటి కాగితపు ముక్క అతికిస్తారు, కొందరిని ఊరికే వదిలేస్తారు, ఎవరికి తొందరగా పూడుతుందో చూస్తారు. చూసేది డాక్టర్ జాస్మిన్ అనే చిన్నపిల్ల, ఇంకా పెద్ద చదువు చదువుతోంది.

"ఎలా జరిగిందమ్మా?" అని ఆ పిల్ల కోటేశ్వరిని అడిగితే జవాబు వీరాంజనేయులు చెప్పాడు. "పిన్నీసుతో గీక్కుందండీ. అస్తమానం చెవిలో ఏదోటి పెట్టుకుంటది. చెప్తే వినదండీ పిచ్చిది."

అబద్ధానికి కాదు, ఆ 'పిచ్చిది' అన్నప్పుడు గొంతులో కారిన ప్రేమకి కోటేశ్వరికి వెగటు పుట్టింది. పైగా ఆ చెయ్యే తెచ్చి ఆమె వీపు మీద వేశాడు, నిమురుతున్నాడు కూడా. బల్లి పాకినట్టుంది. డాక్టరు లైటు వేసి చెవిలోకి చాలాసేపు చూసి, "పిన్నీసేనా అమ్మా?" అంది. కోటేశ్వరి "ఊ" అంది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ ఆమె మాట్లాడిందంతా కలిపితే ఆ 'ఊ' అంతే.

కాగితం అతికించి, పంపించే ముందు ఆ పిల్ల గట్టిగా చెప్పింది. "పొర పూడేదాకా తలమీద చుక్క నీళ్ళు పడకూడదు. లోపలికి నీళ్ళు పోతే చీము పడుతుంది, ఇక ఆ చెవి మీది కాదు."

బయట బల్ల మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చెవిలో దూది పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో పత్తి మిల్లులో పనిచేసే మౌలాబీ అడిగింది. "నీదేంది అక్కా?"

"పిన్నీసు."

"నాది అగ్గిపుల్ల. ఈ అమ్మది కోడి ఈక." ఇద్దరి ఎడమ చెవుల్నీ మార్చి మార్చి చూసి, తన ఎడమ చెవి తడుముకుంది మౌలాబీ. "ఈకకీ పుల్లకీ కూడా ఎడమ చెవే కావాలేందో! మన మొగుళ్ళకి కుడిచేతి వాటం కాబోలు."

ముగ్గురూ ఫక్కున నవ్వారు. నవ్వాక ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు. తను ఒక్కతే తన్నులు తింటున్నాననుకున్నప్పుడు కోటేశ్వరికి సిగ్గుండేది. ఇప్పుడు సిగ్గు పోయి రోత మిగిలింది.

ఇంటికెళ్ళిన కొద్ది రోజులకే ఆమె బయట చేరింది. ఆ ఇంట్లో ముట్టయితే మూడు రోజులు వంటింటి గడప తొక్కకూడదు. నాలుగో రోజు తలమీద నీళ్ళు పోసుకున్నాకే పొయ్యి ముట్టుకోవాలి. జ్వరంలో కూడా పోయించింది సుబ్బరావమ్మ. పెళ్ళైన కొత్తలో, ధనుర్మాసం చలికి వణుకుతుంటే కూడా పోయించింది.

నాలుగో రోజు కోటేశ్వరి వంటికి మాత్రం పోసుకుని వచ్చి వరండాలో కూర్చుంది. "తలకి పోసుకోనత్తయ్యా. చెవి పోద్ది."

"ఒక్క చెంబు పోసుకుంటే చచ్చిపోతావా? తలస్నానం లేకుండా నా వంటింట్లోకొస్తే ఊరుకోను" అంది సుబ్బరావమ్మ.

"సరే, రాను" అంది కోటేశ్వరి. అంత తేలిగ్గా ఆ మాట తన నోట్లోంచి వస్తుందని ఆమే అనుకోలేదు.

ఆ పూట కూడా సుబ్బరావమ్మ మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వండింది. వీరాంజనేయులు చారు నోట్లో పోసుకుని మొహం చిట్లించాడు. కంచం ముందు నుంచి లేవకుండానే తీర్పు చెప్పాడు. "పసుపునీళ్ళు చల్లుకుంటే సరిపోద్దిలే అమ్మా. రోజులు మారినయ్యి. రేపట్నుంచి దాన్నే వండనియ్యి."

సుబ్బరావమ్మ ఎదురు చెబితే ఒట్టు. "ఆ, అంతేలే నాయనా" అంది.

ఓరి మీ ఆచారం తగలెయ్య! జ్వరానికి కరగలేదు, చలికి కరగలేదు, చెవి చిరిగినా కరగలేదు. చారు రుచి లేకపోయేసరికి కరిగిపోయింది. ఎంగిలి కంచం ముందు త్రేనుస్తున్న ఆ మనిషిని చూస్తుంటే కోటేశ్వరికి ఏడుపు రాలేదు, ఉమ్మెయ్యాలనిపించింది. మారదు, మారదంటూ తన నెత్తిన పోసిందంతా వీళ్ళ నాలిక కోసం ఒక్క పూటలో మారిపోయింది. అయితే తన నాలిక మీదున్న అబద్ధం మాత్రం ఎందుకు మారకూడదు?

మళ్ళీ చూపించుకోడానికి వెళ్ళినప్పుడు డాక్టర్ జాస్మిన్ వీరాంజనేయుల్ని లోపలికి రానివ్వలేదు. కోటేశ్వరిని శబ్దం రాని చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. "పూడుతోందమ్మా. నీళ్ళు పడనివ్వలేదు మీరు, మంచి పని చేశారు." గొంతు తగ్గించింది. "ఒక్కటి అడుగుతాను. పుల్ల గుచ్చుకున్న చిల్లి వేరు, దెబ్బకి చిరిగిన పొర వేరు. మానే తీరూ వేరే. మీరు తప్పు చెబితే నేను నేర్చుకునేదీ తప్పే అవుతుంది, రేపు ఇంకో ఆడమనిషికి ఆ తప్పు వైద్యమే చేస్తాను. నిజంగా పిన్నీసేనా?"

మళ్ళీ అదే స్కూటరెక్కాలి, అదే ఇంటికెళ్ళాలి. కోటేశ్వరికి తెలియక కాదు. అయినా లేచి వెళ్ళి గది తలుపు బార్లా తీసింది.

"పిన్నీసేనండీ" అంది, బయట కూర్చున్న వాళ్ళందరికీ వినపడేట్టు. "పేరు వీరాంజనేయులు. అదుగో, బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటోంది. పిలవమంటారా?"