నదికి కోపం రాలేదు

నది గురించి కొలతక్కకే పాఠం చెప్పబోయాడు సంపాదకుడు. ఇరవై రెండేళ్లుగా వంతెన కింద మెట్లు దిగి, స్తంభానికి బిగించిన కొలబద్ద మీద నీటిమట్టం చదివి, రిజిస్టర్లో రాసి, దిగువనున్న ఆనకట్ట గేట్ల గదికి ఫోన్లో చెప్పడం ఆమె ఉద్యోగం. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు, అందరికీ కొలతక్కే. ఆయనేమో రైలు కిటికీలోంచి తప్ప నదిని చూసిన పాపాన పోలేదు. అయినా అరగంట చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఆమె రాసిన నవల ఆయన బల్ల మీద ఉంది. ఆరేళ్ల కిందటి వరద కథ. మూడొంతులు అద్భుతంగా ఉందన్నాడు, రెండుచోట్ల ఏడ్చానన్నాడు. చిక్కంతా చివరి అధ్యాయంతోనేనట. అందులో నది ఏమీ చెయ్యదు, ఊరికే వస్తుంది. నవలలో నది అలా ఉంటే ఎలా? మనిషి దురాశకి గాయపడ్డ తల్లిలా గర్జించాలి, కన్నెర్ర చెయ్యాలి, మనిషికి బుద్ధి చెప్పాలి. కావాలంటే చూసుకోమని వెనకనున్న బీరువా చూపించాడు. ఒక పుస్తకంలో అడవి ఏడుస్తుంది, ఇంకోదాంట్లో సముద్రం పగ తీర్చుకుంటుంది, మరోదాంట్లో కొండ శపిస్తుంది.

కొలతక్క అలాంటివి బోలెడు చదివింది. వర్షాకాలంలో గంట గంటకీ కొలత తీసే మనిషికి మధ్యలో చదవడం తప్ప వేరే పనేముంటుంది? వాటిలో నది తల్లి, దేవత, పెళ్లికూతురు, రాక్షసి. ఒక్కదాంట్లోనూ నీళ్లు కాదు.

"బుద్ధి చెప్పాలనుకున్న నది దురాశపడ్డవాళ్ల మేడలు వదిలేసి, కింది వీధిలో రేకుల ఇళ్ల మీదికి వెళ్లిందా సార్? అంత తెలివితక్కువదా అది?" అని అడిగింది.

సంపాదకుడు నవ్వేశాడు. తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఉన్నమాట చెప్పాడు.

"చూడమ్మా, నది మన మీద కేసు వెయ్యదు. మనుషులు వేస్తారు."

చివరి అధ్యాయాన్ని ఆయనే తిరగరాసి టైపు చేయించి ఉంచాడు. నాలుగు పేజీలు. చదువుకుని ఒప్పుకుంటే ప్రతి పేజీ కింద సంతకం పెట్టి తెమ్మన్నాడు, లేకపోతే పుస్తకం లేదన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, వెళ్లేటప్పుడు టీ కూడా తెప్పించాడు.

బస్సులో కూర్చుని ఆ నాలుగు పేజీలూ చదివింది. "ఆ తల్లి జడ విప్పుకుని ఊరి మీద పడింది" అట! ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు, గేట్లు తెరవనివాళ్లంతా హాయిగా తప్పుకుని, నోట్లో నాలుకలేని నది మీదికి నేరం తోసేశారు. అప్పటి విచారణ నివేదిక అన్నదీ ఇదే, కాకపోతే ప్రకృతి వైపరీత్యం అని గంభీరంగా అంది. కొలతక్కకి ఒళ్లు మండింది.

మండింది నిజమే. కానీ దాని అడుగున ఇంకోటి కూడా ఉంది, దాచిపెట్టి లాభం లేదు. ఆమెకి ప్రాణం హాయిగా కూడా అనిపించింది. నదే అంతా చేసిందంటే, ఆ రోజు తను చేసింది సంపాదకుడికి తప్ప ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ముఖ్యంగా నాన్నకి తెలియదు.

ఆ రోజు జరిగింది ఇదీ. ఆనకట్ట కింద ఇసుకలో పెద్ద నాయకుల సభకోసం వేదిక కట్టారు. పొద్దున పదింటికి కొలబద్ద మీద నీళ్లు ఎర్ర గీత దాటాయి. గీత పద్నాలుగు మీటర్ల దగ్గర ఉంది, నీళ్లు పది సెంటీమీటర్లు పైనున్నాయి. గీత దాటిందంటే గేట్ల దగ్గరున్న మనిషి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, కొంచెం కొంచెంగా తెరిచెయ్యడమే. ఆమె ముందు ఇంజనీరు సారుకి ఫోన్ చేసింది. గేట్లు తెరిస్తే వేదిక కొట్టుకుపోతుంది, సభ మూడు గంటల్లో అయిపోతుంది, పదమూడు తొంభై అని రాసుకో, గేట్ల గదికీ అదే చెప్పు అన్నాడు. ఆమె చెప్పింది. సభ కాస్త ముందే ముగిసింది, ఒంటి గంటకి ఇక ఆపలేక గేట్లన్నీ ఒక్కసారే ఎత్తేశారు. సభనుంచి ఇళ్లకి చేరి అన్నం ముందు కూర్చున్న కింది వీధివాళ్లు తొమ్మిది మంది పోయారు.

ఆ గేట్ల గదిలో ఉన్న మనిషి ఆమె నాన్న.

కొలతలు రాసేవాళ్లకి ఒక పద్ధతుంది. అంకె తప్పు పడితే చెరపకూడదు, కాగితం చింపకూడదు. పాత అంకె కనబడేలా దాని మీద ఒక్కటే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి అక్షరాల సంతకం పెట్టాలి. ఆమె రిజిస్టర్లో ఏ పేజీ చూసినా ఇలాంటి కొట్టివేతలే. ఆ రోజు మాత్రం పద్నాలుగు పది అని రాసిన కాగితాన్ని చింపేసి, కొత్తదాని మీద పొద్దున్నుంచీ ఉన్న అంకెలన్నీ తిరిగి రాసింది. ఒక్క కొట్టివేత కూడా లేని అందమైన పేజీ అదొక్కటే. విచారణకి వచ్చినవాళ్లు ఆ దస్తూరీని మెచ్చుకుని వెళ్లారు.

నాన్న ఆ ఏడే పదవీ విరమణ చేశాడు. అప్పట్నుంచీ నదివైపు కిటికీ తీయడు. ఎవరు పలకరించినా ఒకటే మాట, అది కసిబట్టిందయ్యా, మనుషుల్ని తినాలనుకుంది, తింది అంటాడు. ఆ మాట అనుకుంటేనే ఆయనకి ముద్ద దిగుతుందని ఆమెకి తెలుసు. అందుకే ఆరేళ్లు నోరు కుట్టుకుంది. నోటితో చెప్పలేనిదంతా ఆ చివరి అధ్యాయంలో రాసింది. అచ్చయ్యాక ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు చూసుకుందాం అనుకుంది. ధైర్యం అంటే మరీ అంత గొప్ప ధైర్యమేం కాదు.

ఇంటికొచ్చేసరికి నాన్న వరండాలో ఉన్నాడు. చూపు మందగించింది, చదవలేడు. పుస్తకం సంగతేమైందని అడిగాడు. ఆమె సంపాదకుడి పేజీలు చదివి వినిపించింది. నది జడ విప్పుకోవడం, గర్జించడం, బుద్ధి చెప్పడం అన్నీ విన్నాడు. బాగుందన్నాడు. తర్వాత, గేట్లవాడి గురించి ఏమీ లేదేమే అన్నాడు.

లేదు. ఆ పేజీల్లో గేట్లవాడు లేడు, కొలత తీసే మనిషీ లేదు, సభా లేదు. కొలతక్క కలం తీసి మొదటి వాక్యం కనబడేలా దాని మీద ఒక్కటే గీత కొట్టింది. తర్వాతి వాక్యం, ఆ తర్వాతిది, అలా నాలుగు పేజీలూ కొట్టి, పక్కన పొడి అక్షరాలు వేసింది. అప్పుడు తను రాసిన అధ్యాయం తీసి నాన్నకి చదివింది. పద్నాలుగు పది దగ్గర ఆగి, మంచినీళ్లు తాగి మళ్లీ చదివింది.

ఆమె ఆయన తిడతాడనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది.

"ఆరేళ్లు నదిని తిట్టాను," అన్నాడు నాన్న. "నువ్వు పక్కనే ఉండి తిట్టనిచ్చావు."

"అవును నాన్నా."

"సారు ఎవరో తెలిసేట్టు రాశావా?"

"రాశాను. నేను చేసిందీ రాశాను."

"మరి నన్నెందుకు వదిలేశావు? పాపం ముసలాడు, ఏమీ తెలియక ఆగాడు అని రాశావు. ఎవరు చెప్పారే నీకు? అంకె నీ దగ్గరుంది. నీళ్లు నా కళ్ల ముందున్నాయి. గేటు పై అంచు తడుస్తుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. సారుకి కోపం వస్తుందని ఆగాను. నదికి కోపం వచ్చిందో లేదో నాకు తెలియదు కానీ, సారుకి మాత్రం వస్తుందని బాగా తెలుసు. అది రాయి."

ఆమె రాసింది. ఆయన చెబుతుంటే ఒక పేజీ నిండింది, ఒక్క మాట మార్చలేదు.

మర్నాడు కొట్టివేతల పేజీలూ, నాన్న చెప్పిన కొత్త పేజీ కూడా పట్టుకుని వెళ్తే సంపాదకుడు నిట్టూర్చాడు. పుస్తకం వేయలేనన్నాడు. ఆమె ఉద్యోగం ఊడుతుందని, ముసలితండ్రిని బజారుకీడుస్తున్నావని కూడా అన్నాడు. ఊడితే ఊడనీ, బజారుకి ఆయనే బయల్దేరాడు సార్ అని చెప్పి, ఆమె తన కాగితాలకట్ట చంకన పెట్టుకుని వచ్చేసింది. అచ్చు వేసేవాళ్లు లేకపోతే చదివి వినిపించడానికి నోరు లేదా ఏమిటి? ఈ కథ ఎవరిదో వాళ్ల దగ్గరికే పోతే సరి.

ఆదివారం పొద్దున తండ్రీకూతుళ్లు కింది వీధికి వెళ్లారు. కుళాయి దగ్గర అరుగు మీద నాన్నని కూర్చోబెట్టి, ఆమె నిలబడి చివరి అధ్యాయం మొదలుపెట్టింది. ముందు నలుగురు ఆగారు, తర్వాత ఇరవై మంది అయ్యారు. ఎవరో నాటకం అనుకుని నవ్వారు. సభ మాట వచ్చేసరికి నవ్వు ఆగింది. బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ కుళాయి కట్టలేదు.

అరుగుకి ఎదురుగానే ఇస్త్రీబండి ఉంది. ఆ బండావిడ మొగుణ్ణి, అత్తనీ ఒంటి గంట నీళ్లే తీసుకుపోయాయి. ఆరేళ్లుగా అందరూ ఆమెకి చెప్పింది ఒకటే, నీ రాత అలా ఉందమ్మా, ఆ తల్లి ఆగ్రహం ముందు మనమెంత అని. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ జనంలోంచి నడిచి వచ్చింది. వచ్చి సరిగ్గా కొలతక్క ఎదురుగా నిలబడింది. ఇద్దరికీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. కొలతక్క చదవడం ఆపింది కానీ తల దించలేదు, అడుగు వెనక్కి వెయ్యలేదు. చెంప పగిలినా సరే, పేజీ మాత్రం మూసేది లేదనుకుంది.

"ఎవరూ చెప్పలేదు నాకు," అంది ఇస్త్రీ ఆవిడ. గొంతు పెద్దది కాలేదు. "పదింటికే తెలుసా మీకు?"

"తెలుసు," అంది కొలతక్క.

"తెలుసమ్మా," అన్నాడు అరుగు మీంచి నాన్న.

ఇస్త్రీ ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి వీధివాళ్లందర్నీ దగ్గరికి రమ్మని పిలిచింది. ఇళ్లల్లో ఉన్నవాళ్లని కూడా కేకేసింది. అందరూ వచ్చేదాకా నిలబడి, అప్పుడు కొలతక్క వైపు తిరిగింది.

"మళ్లీ చదువు. ఆ అంకె దగ్గర్నుంచి చదువు. తర్వాత మాతోపాటు ఆ సారు ఆఫీసుకి వచ్చి, అక్కడ కూడా చదువుదువుగాని."