రెండు వైపులా మెరుపు

అన్నపూర్ణేశ్వరికి ఆ ఇంట్లో ఉన్న పేరు ‘ఇదిగో’. మొగుడు మేజర్ లక్ష్మీపతి ఆ పేరు పెట్టి పదకొండేళ్ళయింది.

“ఇదిగో, చావ్డీ బజార్ ప్రెస్సుకి వెళ్ళి విజిటింగ్ కార్డులు అచ్చుకిచ్చి రా. కొత్త బ్రిగేడియర్ గారింటికి వెళ్ళాలి. ఆర్ట్ కార్డు, రెండు వైపులా గ్లాసీ లామినేషన్. మెరవాలి! చీరలు ఎంచడం అలవాటేగా నీకు” అని చీటీ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. చీటీలో ‘మేజర్ అండ్ మిసెస్ లక్ష్మీపతి’ అని ఉంది. కంటోన్మెంటుకి కొత్త పై అధికారి వస్తే ఆఫీసర్లు భార్యలతో సహా ఆయన ఇంటికి వెళ్ళి కార్డు ఇచ్చి రావడం మర్యాద. ఆ మర్యాదకి కావలసిన ఇస్త్రీలూ పాలిష్‌లూ, కార్డుల కోసం రెండు బస్సులు మారడమూ మిసెస్ వంతు.

ఆమెకు ఇంకో పేరూ ఉంది, ‘తెలుగు మేడమ్’. వాల్తేరులో చదివిన ఎం.ఏ. పెళ్ళయ్యాక ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య పడి ఉంటే, ఈ ఏడాదే దుమ్ము దులిపింది. ఆదివారాలు జియా సరాయ్ అద్దె గదుల నుంచి సివిల్స్‌కి చదివేవాళ్ళు వచ్చి ఆమె దగ్గర తెలుగు సాహిత్యం పేపరు చెప్పించుకుంటున్నారు. లక్ష్మీపతి దృష్టిలో అది టైంపాస్. కిందటి ఆదివారం పెద్దిరాజు అనే శిష్యుడు వచ్చి, “మేడమ్, మొన్న కమలా, ఇంకో ముగ్గురూ వచ్చారండి. గేటు దగ్గర సెంట్రీ ఎవరింటికని అడిగితే తెలుగు మేడమ్ అన్నారంట. పేరు చెప్పమంటే ఎవరికీ తెలీదు. వెనక్కి పంపేశాడండి” అన్నాడు. పాఠం కోసం ఎండలో పడి వచ్చిన పిల్లలు తన పేరు తెలియక తిరిగిపోయారంటే ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు.

“నాకూ కార్డుంటే బాగుంటుందండీ” అంటే లక్ష్మీపతి పడీపడీ నవ్వాడు. “ఎవరికిస్తావ్? కూరలమ్మే సబ్జీవాలాకా?”

ఆ నవ్వు చెవిలో గింగురుమంటూండగానే ప్రెస్సు మెట్లెక్కింది. యజమాని నమూనాల ఆల్బమ్ తెరిచి ముందు పెట్టగానే మాత్రం ఆమె అన్నీ మరచిపోయింది. ఎన్ని రకాలు! ఆర్ట్ కార్డు నున్నగా జారిపోతోంది. ఐవరీ కార్డు మీగడ రంగులో, గోటితో తడితే గట్టిగా పలుకుతోంది. చిన్న చిన్న గళ్ళున్నది నేత బట్టలా వేళ్ళకు తగులుతోంది. మెరుపు లేని మ్యాట్ లామినేషన్ కొత్తగా వచ్చిందట, బుగ్గకి ఆనించుకుని చూసింది. ఇంట్లో పరదాల రంగు ఆయన ఇష్టం. పప్పు పలచగా ఉండాలన్నది “మావాడికి అలాగే ఇష్టం” అనే అత్తగారి ఇష్టం. తనకు ఫలానాది కావాలని తేల్చుకుని ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు. అందుకే తొందరపడలేదు. గంటసేపు తడిమి, ఎండలో పెట్టి, నీడలో పెట్టి, ప్రెస్సాయన రెండోసారి చాయ్ తెప్పించేదాకా చూసింది. ఎంత హాయిగా ఉందో! ఐవరీ, ముందు వైపు మ్యాట్, వెనక ఏమీ వద్దు. పర్సులోంచి తన ట్యూషన్ డబ్బు తీసి, ‘అన్నపూర్ణేశ్వరి, ఎం.ఏ., తెలుగు సాహిత్యం’ అని రాసిచ్చింది.

“సాబ్ వాలే పే పెన్ నహీ చలేగా, బెహన్‌జీ” అన్నాడాయన. మేజరు గారి కార్డు మీద పెన్ను నడవదట, రెండు వైపులా లామినేషనైతే సిరా అంటదట.

వారం తర్వాత కార్డులు వచ్చాయి. ఆమె ఆ మాటే మొగుడికి చెప్పింది. “కార్డు మీద రాతలెందుకు? చాకలి చీటీయా?” అన్నాడు, కార్డులో తన మొహం చూసుకుంటూ. ఆమె తన కార్డులు పది పెద్దిరాజుకిచ్చి, కొన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

శనివారం సాయంత్రం బ్రిగేడియర్ దంపతులు ఇంట్లో లేరు. గుమ్మంలో జవాను ఇత్తడి పళ్ళెం పట్టుకొచ్చి, “మేమ్‌సాబ్ ఫోన్ నంబర్ లిఖ్‌వానే కో బోలీ హైఁ” అన్నాడు. ఫోను నంబరు రాయించుకోమని అమ్మగారు చెప్పిందట. వీళ్ళింటికి ఫోను వచ్చి రెండు రోజులే. కార్డులో నంబరు లేదు. లక్ష్మీపతి దర్జాగా పెన్ను తీశాడు. సిరా ముత్యాలై దొర్లింది. బాల్ పెన్ను జారింది. గట్టిగా నొక్కితే వేలంతా నీలమైంది గానీ అంకె పడలేదు. చిత్తుకాగితం ముక్క బ్రిగేడియర్‌కి ఇస్తే పరువేం కావాలి? చెమటలు పట్టి భార్య వైపు చూశాడు.

అన్నపూర్ణేశ్వరి బ్యాగు తెరిచి తన కార్డు తీసింది. వెనక్కి తిప్పి, గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో ‘మా వారు మేజర్ లక్ష్మీపతీ, నేనూ వచ్చి వెళ్ళాం’ అని రాసి, కింద నంబరు వేసి పళ్ళెంలో పెట్టింది. లక్ష్మీపతి నీలమైన వేలు జేబులో దాచుకున్నాడు. దారి పొడుగునా ఆమెకు నవ్వు ఆగలేదు.

మర్నాడు ఆదివారం. హాల్లో పిల్లలు ఏడుగురు కూర్చున్నారు, కమల కూడా. గేటు దగ్గర కార్డు చూపించగానే సెంట్రీ వదిలేశాడట. ఆమె వంటింట్లో వాళ్ళకి టీ కలుపుతుంటే ఫోను మోగింది.

“మేజర్ లక్ష్మీపతి స్పీకింగ్.” అవతల బ్రిగేడియర్ గారి భార్య అనగానే అటెన్షన్‌లోకి వచ్చాడు. “యస్ మేడమ్... యస్ మేడమ్... అన్నపూర్ణేశ్వరీస్ హజ్బెండ్, మేడమ్.”

వంటింటి వైపు తిరిగి ‘ఇది—’ అనబోయాడు. రిసీవరు చేతిలో ఉంది, పిల్లలందరూ చూస్తున్నారు.

“అన్నపూర్ణేశ్వరీ, ఫోను!”

ఆమెకు చక్కగా వినపడింది. అయినా స్టవ్వు తగ్గించి, చేతులు తీరిగ్గా తుడుచుకుంటూ అడిగింది:

“ఎవరికండీ?”